సగం సంచి

రేపు సిరిసిల్ల నుంచి డెయిరీ లేబులు వాళ్లు వస్తున్నారు. పొద్దున్నుంచి మల్లేశానికి కాలు ఒక్కచోట నిలవడం లేదు.

పాల ప్యాకెట్ల మీద 'జన్యుమార్పిడి మేత తినని బర్రెల పాలు' అని వేస్తారట. ఆ లేబులు పడితే ఊరి పాలకు మంచి ధర. ఇక్కడ పండేదంతా బీటీ పత్తే కాబట్టి దాని గింజల నుంచి నూనె తీశాక మిగిలే పత్తిచెక్క బర్రెలకు పెట్టకూడదు. నలభై కొట్టాల్లో ఒక్కదాంట్లో దొరికినా ఊరు మొత్తానికి లేబులు రాదు. అందుకే మల్లేశం బండి తీశాడు.

నాగవ్వ కొట్టంలో కుడితి గోలెంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవాడు. వాసన చూశాడు. తవుడు, పల్లిచెక్క, అంతే. మూలనున్న సంచులు ఎత్తి చూశాడు. గడ్డివాము వెనక్కి కూడా పోయి చూశాడు. పరాయి ఇల్లన్న మొహమాటమైనా లేదు మనిషికి.

"నిన్ను జూస్తె బాధయితది మల్లేశం," అంది నాగవ్వ. "గని లేదు. రెండు నెలలాయె ముట్టక."

అతనికి నమ్మబుద్ధి కాలేదు. పక్కింటికి పోయాడు. సుదర్శన్ చాయ్ తాగి పొమ్మంటే వద్దన్నాడు. మధ్యాహ్నానికి ముప్పై తొమ్మిది ఇళ్లు అయ్యాయి. ఎక్కడా చిటికెడు లేదు. అయినా మనసు కుదుటపడలేదు.

మిగిలింది పోశవ్వ. ఒక్క బర్రె మీద బతికే ముసలామె. అతన్ని చూడగానే కొట్టానికి అడ్డం వచ్చి నిలబడింది. సంగతి అప్పుడే అర్థమైపోయింది. గడ్డి తీసి చూస్తే కింద సగం సంచి పత్తిచెక్క!

మల్లేశం ఇన్ని ఇళ్లు తిరిగింది దీనికోసమే. జేబులో ఫోను ఉంది. అందులో లేబులు వాళ్ల నంబరూ ఉంది.

"గిది తినకుంటె నా బర్రె సరిగ పాలిస్తలేదు కొడుకా. పారెయ్య చేతులు రాలె." పోశవ్వ ఏడ్చింది. "ఎవలకు చెప్పకు. నా ఒక్కదాని వల్ల ఊరంత ఆగమైతది."

మల్లేశం ఫోను తీశాడు. చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఆమె దాని వంకే చూస్తోంది. ఏమనుకున్నాడో, దాన్ని మళ్లీ జేబులో వేసుకుని సంచిని భుజానికెత్తుకున్నాడు.

"కొట్టం మంచిగ కడుగు పెద్దమ్మా. ఒక్క పలుకు గూడ ఉండొద్దు."

బండి మీద తిన్నగా రుద్రంగి బస్టాండు దగ్గరికి పోయి, తన దుకాణం షట్టరు ఎత్తి, రెండు నెలలుగా ఒక్క గిరాకీ లేక పైకప్పు దాకా పేరుకుపోయిన పత్తిచెక్క సంచుల మీద ఆ సగం సంచిని కూడా పడేశాడు.