ప్లానులో ఉన్న దారి

గోడకు మళ్ళీ కన్నం పడింది. ఇది మూడోసారి.

సమతా కాలనీ సంఘం అధ్యక్షుడు అమరేందర్ లుంగీ ఎగ్గట్టి కన్నం ముందు నిలబడ్డాడు. కన్నమంటే కన్నం కూడా కాదు, గుమ్మం. నెత్తిన బిందె పెట్టుకున్న మనిషి వంగకుండా దూరిపోవచ్చు.

"గీసారి ఇడిశిపెట్ట" అన్నాడు పళ్ళు నూరుతూ.

గోడకు ఇవతల కాలనీ, అవతల బస్తీ. పానగల్ పోయే రోడ్డు పక్కన లేచిన ఈ కాలనీకి ప్లాను గీసింది అమరేందరే. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు మరి. బస్తీ నుంచి కాలనీ మధ్యగా మెయిన్ రోడ్డుకు ముప్పై అడుగుల దారి పెట్టాడు. ఉన్నోడూ లేనోడూ ఒకే దారిన నడవాలని హైదరాబాద్ సదస్సులో మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని, శాలువా కప్పుకుని వచ్చాడు. అది ఎనభై ఆరులో.

ఎనభై ఏడులో అదే కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశమైన నెలకే ఆ దారికి అడ్డంగా గోడ లేచింది. ప్లాను గీసిన చెయ్యే కొబ్బరికాయ కొట్టింది. సమానత్వం లోపలికొస్తే సామాన్లు బయటికి పోతాయని ఆయన భయం.

పథకంలో పథం అలాగే ఉంది. నేలమీదే లేదు. బస్తీవాళ్ళు దవాఖానకు పోవాలన్నా, పిల్లలు బడికి పోవాలన్నా గోదాముల వెనకనుంచి కోసెడు దూరం చుట్టి రావాలి. వాళ్ళ గోడు ఈ గోడ దాటి రాలేదు.

అమరేందర్ ఇంట్లో గిన్నెలు తోమే నర్సింగమ్మదీ ఆ బస్తీయే. పొద్దున ఆరింటికి వచ్చే మనిషి, గోడ లేచాక పిల్లల్ని అంత దూరం చుట్టి బడిలో దింపి తొమ్మిదింటికి వస్తోంది.

"పిలిస్తె పలికేంత దూరంల ఉంటది. గోడ కట్టి ఊరవతల పారేసిన్రు" అని సణిగింది ఆయన భార్య కౌసల్య.

"మన పని మనం చేసుకునుడే సమానత్వం" అని అమరేందర్ తను తాగిన చాయ్ గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు.

మూడో కన్నానికి మాత్రం ఆయన ఎస్సైని పిలిపించాడు. దొంగను వెతకాల్సిన పనే లేదన్నాడు. బస్తీలో గడ్డపార పట్టేది ఒక్కడే, బావులు తవ్వే లింగయ్య. నర్సింగమ్మ మొగుడు.

"నేను కాదు సారు" అన్నాడు లింగయ్య. "బాయిలు తవ్వేటోన్ని. కిందికి తవ్వుత గని అడ్డం తవ్వుతనా?"

"నీ ఇంట్ల గడ్డపార ఉన్నదా లేదా?"

"ఉన్నది. మీ ఇంట్ల కత్తిపీట లేదా? ఊళ్ళె ఎవని పీక తెగినా మిమ్మల్నే పట్కపోతరా మరి?"

ఎస్సై మీసం చాటున నవ్వుకున్నాడు. నవ్వుకుంటూనే లింగయ్యను, గడ్డపారను జీపెక్కించాడు. మధ్యాహ్నానికల్లా మేస్త్రీ వచ్చి కన్నం పూడ్చాడు.

చీకటి పడుతుండగా నర్సింగమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది.

"అమ్మా, సారుకు జర చెప్పు. రేపు కోర్టుకు పట్కపోతరంట. జైల్ల ఏస్తే మల్ల ఎన్నడొస్తడో. పిల్లగాండ్లు ఎట్ల బతకాలె?"

కౌసల్య నడుం మీద చేతులు పెట్టుకుని వాడంతా వినపడేలా ఇంతెత్తున లేచింది.

"గోడలు పలగ్గొడ్తె ఠాణల గాక పల్లకిల కూసోవెడ్తరా? నడువ్ ఇంటికి!"

దభీమని తలుపేసింది.

"శభాష్! గట్లుండాలె" అన్నాడు అమరేందర్, పేపరు దించకుండానే. ఆ రాత్రి కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయాడు.

తెల్లారి లేచి చూస్తే కొత్తగా పూడ్చిన చోటే గోడకు కన్నం!

కబురందుకుని ఎస్సై వచ్చాడు. కన్నాన్ని చూశాడు, అమరేందర్‌ను చూశాడు.

"సార్, మీ దొంగ రాత్రంత నా ముంగటనే గుర్రు కొట్టిండు. ఆని గడ్డపార నా బల్ల కిందనే ఉన్నది. ఇగ కేసు ఎవల మీద రాయాలె? గోడ మీదనా?"

"ఇది ముఠా పని. బస్తీ మొత్తం కలిసి చేస్తున్నరు" అన్నాడు అమరేందర్.

"బస్తీ మొత్తం పట్టే జాగ నా ఠాణల లేదు సార్."

గంటలో లింగయ్యను వదిలేశారు. గడ్డపార భుజాన వేసుకుని ఆ కన్నంలోంచే దర్జాగా ఇంటికి నడిచిపోయాడు. కాలనీలో గోడకు మళ్ళీ చందా ఇచ్చేవాడు దొరకలేదు.

దారి మూసినన్నాళ్ళూ దారికి రాని అమరేందర్, వేరే దారి లేదని తేలాక చక్కగా దారికొచ్చాడు. సాయంత్రానికల్లా గోడ మొత్తం తీయించి విలేకరిని పిలిపించాడు. సామాజిక న్యాయానికి పట్టణ ప్రణాళికను మించిన పనిముట్టు లేదనీ, ఈ దారి తన ప్లానులో మొదటినుంచీ ఉన్నదేననీ చెప్పి, దారి నడుమ నిలబడి ఫొటో దిగాడు.

మర్నాడు నర్సింగమ్మ ఆరింటికే పనిలోకి వచ్చింది. అమరేందర్ వరండాలో కూర్చుని పేపర్లో తన ఫొటో చూసుకుని మురిసిపోతున్నాడు.

కౌసల్య వంటింటి తలుపు దగ్గరగా వేసి, రెండు అరచేతులూ నర్సింగమ్మ ముందు చాపి గుసగుసగా అన్నది:

"జర కొబ్బరినూనె రాయవే, నీ మొగడు మూడుసార్లు ఎట్ల పలగ్గొట్టిండో గని, నాకు ఒక్క రాత్రికే పొక్కులు లేసినయ్!"