ఉన్నదొక్క మాట

"గొట్టం వెయ్యాల్సిందే. కన్నతండ్రిని గాలికొదిలేశారంటే నలుగురిలో తలెత్తుకు తిరగగలమా?" అన్నాడు అన్న, ఆస్పత్రి వరండా అంతా వినపడేలా.

చెల్లెలికి ఒళ్లు మండిపోయింది. పక్షవాతం వచ్చి పడిన దగ్గర్నుంచీ నాన్నకి ఎత్తిపోసిందంతా తను. ఆదివారం ఆదివారం వచ్చి గుమ్మంలోంచే పలకరించి పోయేవాడికి ఇవాళ నలుగురి బెంగ పట్టుకుంది. ఇప్పుడు ఊపిరితిత్తులు కూడా చేతులెత్తేశాయి. మళ్లీ ఆయాసం ముదిరితే గొంతులోకి గొట్టం దించి మిషన్ మీద ఉంచాలట. ఒకసారి దించాక మళ్లీ తీసే రోజు వస్తుందో రాదో చెప్పలేరట. అది వద్దనుకుంటే, బాధ తెలియకుండా మందులిస్తూ ఆయన దారిన ఆయన్ని పోనివ్వడమే. చెల్లెలు రెండోదే మేలంటోంది. నాన్న అవస్థ చూడలేక అంటోందో, తన నడుం విరిగిపోయి అంటోందో ఆమెకే తెలీదు.

ఇద్దరి గోలా విని డాక్టరమ్మ విసుక్కోలేదు. మీరెందుకు కొట్టుకుంటారు, మనిషి తెలివిలోనే ఉన్నాడుగా, ఆయన్నే అడుగుదాం అంది. మాట స్పష్టంగా వస్తుందా అని చెల్లెల్ని అడిగింది.

"స్పష్టంగానే వస్తుందండీ."

అబద్ధమేం కాదు. వచ్చేది స్పష్టంగానే వస్తుంది. కాకపోతే పక్షవాతం ఆయన నోట మిగిల్చింది ఒకే ఒక్క మాట. వద్దు. అన్నం తింటావా నాన్నా అంటే వద్దు అంటూనే నోరు తెరుస్తాడు. దుప్పటి కప్పనా అంటే వద్దు అంటూనే మీదికి లాక్కుంటాడు. ఇంకో మాట పలికిద్దామని నెలల తరబడి ఎంత బతిమాలినా రాలేదు. ఈ సంగతి తనకి తప్ప అన్నకి తెలీదని ఆమె ధీమా.

డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని పెద్దాయన చెయ్యి పట్టుకుంది. నిదానంగా అన్నీ వివరించి చెప్పింది.

"గొట్టం వెయ్యమంటారా?"

"వద్దు," అన్నాడాయన.

అన్న మంచం కమ్మీ పట్టుకుని బావురుమన్నాడు. నాన్నే వద్దన్నాక ఇంక నేను చెప్పేదేముంది అన్నాడు. డాక్టరమ్మకి మాత్రం ఇంకా తృప్తి కలగలేదు.

"పెద్దాయనా, ఇదే ఇంకోలా అడుగుతాను. గొట్టం వెయ్యకుండా..."

చెల్లెలు గబుక్కున మంచం దగ్గరికి జరిగింది. దానికీ వద్దనే అంటాడు. గుట్టంతా రట్టవుతుంది.

"చాలు డాక్టర్ గారూ," అన్న అడ్డుపడ్డాడు. "చెప్పాడు కదా. ఆయన్ని ఎన్నిసార్లు చంపుతారు?"

డాక్టరమ్మ నొచ్చుకుని లేచి నిలబడింది. చెల్లెలు అన్న మొహంలోకి చూసింది. అంత ఏడుపు ఏడ్చినవాడి కళ్లలో తడి లేదు. అతను చూపు తిప్పేసుకున్నాడు. ఓహో, వీడికీ తెలుసన్నమాట. ఆ కేకలన్నీ వరండాలో జనం కోసమేనన్నమాట. ఆమెకి అసహ్యం వేసింది, ఆ వెంటనే హమ్మయ్య అని కూడా అనిపించింది.

డాక్టరమ్మా అన్నా గుమ్మం వైపు నడిచారు. ఆమె తండ్రి మీదికి వంగి దుప్పటి సర్దింది.

"ఇంక గొట్టాలూ గిట్టాలూ ఏమీ ఉండవులే నాన్నా. హాయిగా పడుకో."

ఆయన బాగున్న చేత్తో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. మొహమంతా చెమట పట్టింది. పెదాలు వంకర్లు పోయాయి. గొంతులో ఏదో గింజుకుని గింజుకుని, చివరికి బయటపడింది.

"కా... వాలి."

ఆయన ఆమె కళ్లలోకే చూస్తూ మళ్లీ అన్నాడు.

"కావాలి."

గుమ్మం దాటబోతున్న డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. "పెద్దాయన ఏదో అన్నట్టున్నారు?"

చెల్లెలు తన చేతిని పట్టుకున్న వేళ్లని ఒక్కొక్కటే విడదీసి, ఆయన చేతిని దుప్పటి కిందికి తోసింది.

"అదే మాటండీ. వద్దంటున్నారు."