కడుపునొప్పి కెప్టెన్

పొద్దున్నే ముక్కు చీదితే ఎడమ చెవి దిబ్బడ వేసింది.

కో పైలట్ ముక్కు మూసి ఊదాడు. చెవి విడలేదు.

"ఇవాళ్టికి మానెయ్యండి. ఈ చెవితో విమానమేమిటి?" అంది భార్య.

"ఇప్పటికే రెండుసార్లు మానేశాను. చేరి ఏడాది కాలేదు. మూడోసారి జబ్బంటే ఇంటికి పంపించేస్తారు."

"చెవి పగిలితే?"

విమానం దిగేటప్పుడు దిబ్బడ వేసిన చెవిలో పొర చిరిగిందంటే ఇక జన్మలో యూనిఫాం వేసుకోనివ్వరు. వెళ్తే అది భయం, వెళ్లకపోతే ఉద్యోగం భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పైలట్ జీతమంటే లోకానికి గొప్పే. పైన పటారం, లోన లొటారం. ఆ కంపెనీలో విమానం తలుపు మూసినప్పటి నుంచి తెరిచేదాకానే జీతం, మిగతాదంతా ఉచిత సేవ. జోడీలో ఒకరు జబ్బంటే ఇద్దర్నీ దింపేస్తారు. జబ్బన్నవాడికి ఆ గంటల జీతం పోతుంది. రెండోవాడికి మాత్రం ఇస్తారు.

ఆ వారం అతనికి జోడీగా పడింది ఒక కొత్త కెప్టెన్. గంటల లెక్కన సీజనుకి తీసుకున్న పెద్దాయన. మొహం చూడటం అదే మొదలు.

విమానం ఎక్కేముందు పైలట్ల గదిలో ఆయన అతని ఎడమ పక్కన కూర్చుని ఏదో అడిగాడు.

"సర్?"

మళ్లీ అడిగాడు.

"సర్?"

ఆయన లేచి వచ్చి కుడి పక్క కూర్చున్నాడు. "ఏం లేదు బాబూ, రాత్రి నిద్ర పట్టిందా అన్నాను."

"బ్రహ్మాండంగా సర్!"

కనిపెట్టేశాడేమోనని కో పైలట్‌కి ముచ్చెమటలు పోశాయి. ఈయన ఒక్క ముక్క పైకి చెబితే చాలు, తన పని అయిపోయినట్టే.

ఆయన లేచి టోపీ పెట్టుకున్నాడు. ఇద్దరూ విమానం ఎక్కారు. ప్రయాణికులంతా కూర్చున్నారు. కో పైలట్ సీటు బెల్టు పెట్టుకున్నాడు.

"తలుపు మూయించమంటారా సర్?" ఎయిర్ హోస్టెస్ అడిగింది.

కెప్టెన్ రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు.

"వద్దమ్మా. కడుపులో మెలిపెడుతోంది. నా వల్ల కాదు. వేరే జోడీని పిలవమను."

కో పైలట్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ముసలాళ్లని పెట్టుకుంటే ఇంతే!" దిగుతుంటే ఒక ప్రయాణికుడు కసిరాడు. కెప్టెన్ తల వంచుకుని దిగిపోయాడు.

మర్నాడూ ఆయనకి కడుపునొప్పే. మూడోనాడూ అంతే. ఐదో రోజుకి కూడా తగ్గలేదు.

కో పైలట్ ఇంట్లో దుప్పటి కప్పుకుని ఆవిరి పడుతూ, పూర్తి జీతం తీసుకున్నాడు.

"మన రొట్టె విరిగి నేతిలో పడిందోయ్," అన్నాడు భార్యతో.

'కడుపునొప్పి కెప్టెన్' అని తోటివాళ్లకి ఫోనులో చెప్పి నవ్వించింది కూడా అతనే.

ఐదో రోజు సాయంత్రం టప్‌మని చెవి విడింది.

ఆరో రోజు ఆఫీసరు పిలిచాడు. చెవి సంగతి తెలిసిపోయిందేమో అనుకుంటూ వెళ్లాడు కో పైలట్.

"మీ కెప్టెన్‌కి ఏ జబ్బూ లేదని కంపెనీ డాక్టరు రాసిన కాగితం ఇవాళ నా చేతికొచ్చింది. ఆ రోజు పక్కన ఉన్నది నువ్వే. నీకేమనిపించింది?"

తెలియదంటే ఇంకేం అడుగుతారో! తన మీదికి వస్తుందేమో!

"నొప్పి ఉన్నట్టు కనిపించలేదు సర్. ఎగరడానికి భయపడ్డట్టున్నారు."

"రాసిస్తావా?"

రాసిచ్చాడు. కింద సంతకం కూడా పెట్టాడు.

మధ్యాహ్నానికల్లా కెప్టెన్ గుర్తింపు కార్డు తీసేసుకుని ఉద్యోగంలోంచి పంపేశారు. ఈ వయసులో ఆయన్ని ఇంకెవరూ పనిలోకి తీసుకోరని అందరికీ తెలుసు.

మెట్ల మీద ఆయన ఎదురొచ్చాడు.

"కులాసాయేనా బాబూ?"

కో పైలట్ మొహం తిప్పుకుని గబగబా దిగిపోయాడు.

రెండు వారాలకి వైద్య పరీక్ష వచ్చింది. డాక్టరు ఎడమ చెవిలోకి దీపం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈమధ్య దిబ్బడ వేసిందా?"

"లే... లేదు సర్."

"భయపడకు, ఇప్పుడు తగ్గిపోయింది." డాక్టరు దీపం ఆర్పాడు. "ఓహో! అయితే ఆ కుర్రాడివి నువ్వన్నమాట. పేరు చెప్పమంటే ఆయన చెప్పలేదు."

"ఎవరు సర్?"

"కడుపునొప్పి అంటూ మొదటిరోజు నా దగ్గరికి వచ్చాడు చూడు, మీ కెప్టెన్. పొట్టంతా నొక్కి చూశాను. నొప్పీ లేదు, పాడూ లేదు. జబ్బు లేదనే రాస్తానన్నాను. రాసుకోండి అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక్కటే అడిగాడు: 'నా పక్కన కుర్రాడికి చెవి దిబ్బడ వేసింది డాక్టరుగారూ, నేను ఎన్నాళ్లు మంచం పడితే వాడికి తగ్గుతుంది?'"