బందరు రోడ్డు సభ్యులు

"శాలూ! వచ్చారు! ఐదో మనిషి వచ్చారు!"

జాన్ పాల్ లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. శాలిని అప్పుడే ఉయ్యూరు స్కూల్లో పాఠాలు చెప్పి బస్సులో ఇంటికొచ్చి, పాలు స్టవ్ మీద పెట్టింది.

"ఎవరట?"

"క్రిస్టినా, ఉయ్యూరు. రాగానే ఏం రాసిందో విను. 'మా ఊళ్లో చెరుకు లారీలు మొదలయ్యాయి. బస్సు కిటికీలోంచి చెయ్యి చాపితే గడ అందుతుంది.' ఎంత బాగుంది!"

"బాగుందా? నిజంగానా?" శాలిని ముఖం వెలిగిపోయింది.

పెళ్లికి ముందు జాన్ పాల్ ఓ పెద్ద కంపెనీ సైట్‌లో 'కృష్ణా కబుర్లు' అనే గ్రూపు నడిపేవాడు. వేలమంది ఉండేవారు. ఒకరోజు ఎవరో 'పనసపొట్టు కొట్టడం ఎలా' అని పెట్టారు. కొట్టడమంటే హింసే అనుకుంది అక్కడి యంత్రం. గ్రూపు మొత్తం మాయమైంది. ఎవర్ని అడగాలో కూడా తెలియలేదు.

పెళ్లయ్యాక, గుణదలలోని ఈ అద్దె ఇంట్లో, పాత కంప్యూటర్ మీద సొంతంగా ఓ వేదిక కట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూడగల సాఫ్ట్‌వేర్ అది. యజమాని లేడు, ప్రకటనలు లేవు. పాతవాళ్లందరినీ పిలిచాడు. "తప్పకుండా వస్తాం" అన్నారు. ఒక్కరూ రాలేదు. నెలాఖరు దాకా చూసి మూసేస్తానని చెప్పి, అన్నం సగంలో వదిలేసి లేచాడు.

ఆ తర్వాతే కానూరు భానుశ్రీ వచ్చింది. వెనకే పోరంకి జక్కయ్య, పెనమలూరు శ్రీదుర్గ, కంకిపాడు కనకలక్ష్మి.

"ఆ విశ్వేశ్వర్‌గాడికి చెప్పాలి. 'మొగుడూ పెళ్లాం మాట్లాడుకోడానికి సర్వరెందుకురా' అని నవ్వాడు గదా!" అన్నాడు జాన్ పాల్.

"స్నేహితుడు కదండీ, సరదాకన్నాడు లెండి."

"బందరు రోడ్డంతా మనతోనే ఉంది శాలూ. ఎంత వరసగా వస్తున్నారో చూడు. రేపో మాపో పామర్రు!"

పాలు పొంగాయి. శాలిని మసిగుడ్డ కోసం అటూ ఇటూ వెతికింది. గుడ్డ ఆమె చేతిలోనే ఉంది.

"ఏంటా కంగారు? నా పిచ్చి చూసి విసుగొస్తోందా?"

"అయ్యో, అదేం లేదండీ. ఊరికే అడుగుతున్నా... ఎవరు ఎక్కణ్ణుంచి రాస్తున్నారు, ఏ ఫోనులోంచి రాస్తున్నారు, ఇవన్నీ మీకు కనిపిస్తాయా?"

"చూడాలనుకుంటే కనిపిస్తాయి. కానీ అది కంపెనీవాళ్ల బుద్ధి. మన దగ్గర ఎవరి గుట్టు వాళ్లదే. చచ్చినా చూడను."

"మంచి పని," అంది శాలిని, గట్టిగా ఊపిరి వదిలి.

"అందరిలోకీ జక్కయ్యగారు భలే మనిషి. 'ఏమయ్యా జాన్ పాల్, ఈ కొట్టు మూశావో, మీ ఇంటికొచ్చి చెవి మెలేస్తా' అని రాశాడు నిన్న. పెద్దాయన, ఎంత చనువో!"

"పాపం, మనవళ్లున్న మనిషై ఉంటాడు," అంది శాలిని. నవ్వు దాచుకోవడానికి గ్లాసులు కడగడం మొదలుపెట్టింది.

"ఇంక మూసేది లేదు శాలూ. ఈ ఐదుగురి కోసమైనా నడుపుతాను."

"మాటంటే మాటేనా?"

"మాటే. ఇంకో సంగతి. రేపు ఆదివారమేగా. పొద్దున్నే చర్చిలో పూజ చూసుకుని బండి తీస్తాను. కానూరు నుంచి ఉయ్యూరు దాకా అందరి ఇళ్లకీ వెళ్లి, స్వీట్లిచ్చి, ఓ దండం పెట్టొద్దాం."

శాలిని చేతిలో గ్లాసు జారింది. "రేపా? అడ్రసులు లేవు కదండీ!"

"అడుగుదాం, దానికేముంది? ఇదిగో, ఒక్కొక్కరికీ విడివిడిగా పంపేస్తున్నా," అంటూ జాన్ పాల్ మీట నొక్కాడు.

శాలిని ఫోను ఐదుసార్లు మోగింది.