ముసలివాళ్లతో మాట్లాడే పద్ధతి

ఈ ఇంట్లో మేపుల్ సిరప్ పాకం సీసాకి మూత పెట్టే మనిషే లేడు. బల్లంతా జిగట, ఛీ!

మా మనవరాలు కొలెట్ ఆ బల్ల మీదే పుస్తకం పరుచుకుంది. పాఠం చెప్పాల్సిన మాస్టారు కాలు విరగ్గొట్టుకున్నాడు. ముసలివాళ్లకి సేవ చెయ్యడం నేర్చుకునే నర్సింగు పిల్లలకి సోమవారం నుంచి ఆయన బదులు మా పిల్లే పాఠాలు చెప్పాలి. పుస్తకమేమో శనివారం చేతికొచ్చింది. క్లాసు బాగా జరిగితేనే కాలేజీలో ఉద్యోగం నిలుస్తుంది.

"తాతా, ఏడో పాఠం ముసలివాళ్లతో మాట్లాడటం, నీ మీద ప్రాక్టీసు చేస్తా," అని నా చెవిలో అరిచింది. "మనం... బఠాణీ సూపు... తాగేద్దామా?"

"మనమేంటే? నీకూ పళ్లు ఊడాయా?"

"ఇలాగే మాట్లాడమని పుస్తకంలో ఉంది!"

"అది రాసినవాడికి నా సాక్సు వాసన చూపించు. డోకొస్తోంది నాకు."

సోమవారం సాయంత్రం ఎగురుకుంటూ వచ్చింది. "ఏడో పాఠం పేజీలు అతుక్కుపోయాయి తాతా! ఏం చెయ్యను, నువ్వు తిట్టిన తిట్లే పాఠంగా చెప్పా. టైమైపోయినా ఒక్కరూ లేవలేదు. వచ్చే టర్ము కూడా నాకే ఇచ్చారు!"

"మూత పెట్టమంటే వింటేగా," అని కసిరాను.

ఆదివారం తను స్నానానికి వెళ్లినప్పుడు ఆ పేజీలకి సిరప్ పూసి, పుస్తకం మూసి, దాని మీద కూర్చున్నది నేనే. మూత మర్చిపోయేదీ నేనే.