ఎవరూ చూడని తప్పు

"చూసేవాడు లేకపోతే తప్పే లేదంటావ్. అంతేగా మేష్టారూ?" మంచు మీద చీపురు ఆనించి దెప్పాడు విల్ఫ్.

"తప్పొప్పులు మనం పెట్టుకున్నవే అంటాను పెద్దాయనా. ఊరికో తీరు, మనిషికో తీరు," అన్నాడు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే లోర్న్.

"చాల్చాల్లే! ఒప్పు ఎక్కడైనా ఒప్పే. నలభై ఏళ్ళుగా కర్లింగ్ ఆడుతున్నా, ఒక్కసారీ నా చీపురు రాయికి తగల్లేదు. తగిలుంటే నేనే చెప్పేవాణ్ణి."

ఆ మాట కెనడాలో, సస్కచువాన్‌లోని ఆ చిన్న ఊరంతటికీ కంఠస్థం. వాళ్ళ క్లబ్బులో అంపైరు ఉండడు. మంచు మీద గీసిన వలయం వైపు జారిపోయే రాయికి ముందు ఇద్దరు మంచు తుడుస్తూ పరిగెడతారు. చీపురు తగిలితే ఆ రాయి చెల్లదు; తగిలించినవాడే నోరు విప్పాలి.

విల్ఫ్‌కి డెబ్భై ఆరు. మోకాళ్ళు అరిగాయి, చూపు మందగించింది, ఇదే ఆఖరి ఆట. అందరూ గుడ్డ తొడిగిన చీపుళ్ళకి మారినా, ఆయన మాత్రం పోచలు రాలే పాత గడ్డి చీపురు వదల్లేదు. మొండి ఘటం!

ఫైనల్లో చివరి రాయి విల్ఫ్, లోర్న్‌ల జట్టుది. ఇద్దరూ రొప్పుతూ తుడిచారు. రాయి సరిగ్గా వలయం నడిమధ్యన ఆగింది.

"గెలిచాం!" విల్ఫ్ గంతేసినంత పని చేశాడు.

లోర్న్ వంగి రాయి మీదున్న పిడిని తడిమాడు. జేబులో చెయ్యి పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆ చెయ్యే పైకెత్తాడు.

"చీపురు తగిలింది. నాదే."

హాలంతా నోరెళ్ళబెట్టింది. అవతలి జట్టు కెప్టెన్ మార్లీన్ రూలు ప్రకారం ఆ రాయిని పక్కకి నెట్టింది. కప్పు వాళ్ళదైపోయింది.

ఎప్పట్లాగే గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి బీరు పోయించారు. విల్ఫ్ మొహం వెలిగిపోతోంది.

"ఎవరూ చూళ్ళేదు కదయ్యా. ఊరుకుంటే కప్పు మనదేగా. ఎందుకు చెప్పావ్?"

"తగిలింది కదా పెద్దాయనా."

"అదీ! ఇన్నాళ్ళూ నీతీ గీతీ ఎవరిష్టం వాళ్ళదన్నావ్. దొరికిపోయావ్ మేష్టారూ!" విల్ఫ్ అతని వీపు చరిచాడు. "నా నలభై ఏళ్ళూ ఒకెత్తు, ఇవాళ నువ్వు చేసింది ఒకెత్తు. బంగారంలాంటి మనిషివయ్యా!"

"సరే, ఒప్పుకున్నా," నవ్వాడు లోర్న్.

రాయి పిడి నుంచి తీసిన గడ్డిపోచ అతని జేబులోనే ఉంది.