చివరి గార ముక్క

మా ఇంట్లో ఇక ఒక్క చలికాలమే మిగిలింది. పిడుగురాళ్ళలో మా పాత నూతి తొట్టికి నీళ్ళ వల్ల ఏటేటా పొరలుగా పట్టిన సున్నపు గారలో అది గోరంత ముక్క. అందరిళ్ళలోనూ ఉన్నట్టే మాకూ గారపెట్టె ఉంది. అందులో ముక్క వేస్తే, ఆ గార పట్టిన రోజుల గాలిని గదిలోకి తెస్తుంది. కానీ కరిగించి చదువుతుంది కాబట్టి ముక్క మళ్ళీ మిగలదు.

అమ్మ పోయాక మిగతా చలికాలాలన్నీ నేనే తలుపేసుకుని ఒక్కొక్కటిగా వాడుకున్నాను. ఇది మాత్రం దాచాను. నా చెల్లెలు లిఖిత అమ్మ కడుపులో ఉన్న ఏడాదిది. ఆ తర్వాత మా ఊరికి చలి రాలేదు.

“దాన్నేమన్నా ఊరగాయ పెడతావా?” అంది లిఖిత. “నాకు ఇరవై ఏళ్ళొచ్చాయి. ఒక్కసారీ వణకలేదు తెలుసా?”

“వణకడం అంత గొప్పేం కాదే.”

“మరి ఆ పెట్టె ముందు కూర్చుని ఎందుకు ఏడుస్తావక్కా?”

లేచి గారపెట్టె తెరిచాను. ముక్క దాని చేతికే ఇస్తే, అదే లోపల వేసింది.

గది మెల్లగా చల్లబడింది. లిఖిత నవ్వబోయింది గానీ పళ్ళు టకటకలాడాయి.

“అక్కా, చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి! ఇదేమన్నా జబ్బా?”

“కాదే, చలేస్తే అంతే.”

కళ్ళు మూసుకుని అమ్మను తలుచుకుందామనుకున్న నేను, ఆ చలికాలం అయిపోయేదాకా లిఖిత చేతినే చూస్తూ ఉండిపోయాను.